పాట ఎవరిది? 'వి షల్ ఓవర్‌కమ్' గీతం, 1963 న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవం: ఒక చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

మన పాటల పుస్తకం తెరిస్తే సాధారణంగా ప్రతి కీర్తన కింద ఒక రచయిత పేరు కనబడుతుంది. పాట అంటే ఒక వ్యక్తి ఒకచోట కూర్చొని మొదటినుండి చివరివరకు రాసినదని ఈ అలవాటు మనకు నేర్పింది. కాని నాట్లు వేసేచోట, కూటపు పందిట్లో, ఊరేగింపులో పుట్టే పాటకు ఈ లెక్క కుదరదు. ఒకరు పల్లవి ఎత్తుకుంటారు, మరొకరు చరణం కలుపుతారు, ఇంకొక ఊరివారు వరస మారుస్తారు. అలాంటి పాట పుస్తకంలోకి, వేదిక మీదకు, చట్టం ముందుకు వచ్చినప్పుడు అది ఎవరిదని చెప్పాలి? చెప్పకుండా వదిలివేస్తే ఎవరికి అన్యాయం జరుగుతుంది?

ఈ ప్రశ్నను ఆలోచించటానికి ఇరవయ్యో శతాబ్దపు అమెరికా చరిత్రనుండి ఒక ఉదాహరణను ఇక్కడ పరిశీలిద్దాం. 1963 జూలై 26 శుక్రవారం రాత్రి రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని న్యూపోర్ట్ పట్టణంలో జానపద సంగీతోత్సవం మొదటి రోజు కార్యక్రమం ముగుస్తున్నది. బాబ్ డిలన్, జోన్ బాయెజ్, పీట్ సీగర్, థియొడోర్ బికెల్, పీటర్-పాల్-మేరీ బృందం, వారితోపాటు నలుగురు నల్లజాతి యువతీయువకుల 'ఫ్రీడమ్ సింగర్స్' బృందం చేయిచేయి కలిపి నిలబడి 'వి షల్ ఓవర్‌కమ్' పాడారు. ఆ దృశ్యాన్ని చరిత్రకారులు తరచుగా ప్రస్తావిస్తారు. అయితే ఆ రాత్రి వేదిక మీదకు వచ్చిన పాట వెనుక అరవై ఏళ్ల ప్రయాణం ఉంది. ఆ ప్రయాణంలో ఒక కాపరి, పొగాకు కర్మాగారపు కార్మికురాళ్లు, ఒక కొండప్రాంతపు పాఠశాల, జైళ్లు, సంఘ మందిరాలు ఉన్నాయి. ఉత్సవానికి అసలైన సన్నాహం జరిగింది ఆ చోట్లలోనే అన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

2. ఆరాధనలో మొలకెత్తిన మాట

ఈ పాట మూలాలను వెతికేవారు మొదట చెప్పే పేరు చార్లెస్ ఆల్బర్ట్ టిండ్లీ (1851-1933). ఆయన మేరీలాండ్ రాష్ట్రంలో పుట్టాడు. తండ్రి బానిస, తల్లి స్వతంత్రురాలు. చదువు చాలావరకు తనంతట తానే నేర్చుకున్నాడు. ఫిలడెల్ఫియాలో ఏ మెథడిస్టు సంఘపు మందిరాన్ని ఊడ్చి శుభ్రం చేసే పనిలో ఉన్నాడో, తరువాత అదే సంఘానికి కాపరి అయ్యాడు. ఆయన రాసిన పాటలు నల్లజాతి సంఘాలలో సువార్త గీతాలకు బాట వేశాయి. వాటిలో ఒకటి 1901లో అచ్చయిన 'ఐల్ ఓవర్‌కమ్ సమ్ డే'. విసుగక మేలు చేయుటను గూర్చి గలతీయులకు రాసిన పత్రిక 6:9లో ఉన్న బోధను, ప్రకటన గ్రంథం 2, 3 అధ్యాయాలలో ఏడు సంఘాలకు జయించువానిని గూర్చి చెప్పిన వాగ్దానాలను ఆ పాట భావం మనకు గుర్తుచేస్తుంది.

అయితే టిండ్లీయే ఈనాటి పాటకు కర్త అని తేల్చివేయటానికి వీలులేదు. ఆయన పాట వరస వేరు, చరణాల కట్టు వేరు. ఇప్పుడు మనం వినే వరస 'ఐల్ బి ఆల్‌రైట్' అనే పాత ఆధ్యాత్మిక గీతానికి, 'నో మోర్ ఆక్షన్ బ్లాక్' అనే బానిసకాలపు పాటకు దగ్గరగా ఉందని సంగీత చరిత్రకారులు చూపించారు. 1909లోనే గని కార్మికుల పత్రికలో అచ్చయిన ఒక ఉత్తరం, తమ సమావేశాలలో 'వి విల్ ఓవర్‌కమ్' అనే పాట పాడుతున్నామని చెప్పింది. సిన్సినాటికి చెందిన లూయీజ్ ష్రాప్‌షైర్ రచన 'ఇఫ్ మై జీసస్ విల్స్' కూడ దీనికి మూలమని కొందరు ఇటీవలి కాలంలో వాదించారు. కాబట్టి ఒకే ఊటనుండి పారిన కాలువ కాదిది, అనేక ఊటలు కలిసిన ఏరు.

3. పొగాకు కర్మాగారం గుమ్మం దగ్గర

1945 అక్టోబరులో సౌత్ కరోలినాలోని చార్ల్‌స్టన్ నగరంలో అమెరికన్ టొబాకో కంపెనీ చుట్టల కర్మాగారంలో సమ్మె మొదలైంది. సమ్మె చేసినవారిలో ఎక్కువమంది నల్లజాతి స్త్రీలు. కూలి పెంపు, జాతి వివక్ష లేని పని పరిస్థితులు వారి కోరికలు. చలికాలమంతా, వానలో తడుస్తూ, 1946 వసంతకాలం వరకు కర్మాగారం ముందు కాపలా కాశారు. దినమంతా నిలబడిన తరువాత ఇళ్లకు వెళ్లేముందు లూసీల్ సిమన్స్ అనే కార్మికురాలు గొంతెత్తి ఒక పాటను చాలా నెమ్మదిగా సాగదీసి పాడేది, మిగిలినవారు వంత కలిపేవారు. సంఘంలో పాడుకునే పాటే అది. కాని అక్కడ 'నేను' అన్నచోట 'మనం' వచ్చి చేరింది. తమ హక్కుల మాటలు చరణాలయ్యాయి.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ స్త్రీలకు ఆరాధన గీతం వేరు, పోరాట గీతం వేరు కాదు. ఆదివారం మందిరంలో దేవుని ఎదుట పాడిన మాటనే సోమవారం యజమాని ఎదుట పాడారు. ఇలా చేయటం పాటను లోకసంబంధమైనదిగా మార్చటం అని విమర్శించినవారు లేకపోలేదు. కాని ఐగుప్తులో వెట్టిచాకిరి చేసిన ప్రజల మొర దేవుని సన్నిధికి చేరిందని నిర్గమకాండము రెండవ అధ్యాయం చెప్పటం లేదా? కూలి మాట ప్రార్థనలోకి రాకూడదని లేఖనం ఎక్కడా చెప్పలేదు.

4. హైలాండర్ పాఠశాల: కలిసి పాట కట్టే పద్ధతి

ఆ సమ్మె ముగిసిన తరువాత ఇద్దరు కార్మికురాళ్లు టెనెసీ రాష్ట్రంలోని మాంటీగిల్ కొండల మీద ఉన్న హైలాండర్ జానపద పాఠశాలకు శిక్షణ కోసం వచ్చారు. వారితోపాటు ఈ పాట వచ్చింది. ఈ పాఠశాల చరిత్ర వేదాంత విద్యార్థులకు ఆసక్తి కలిగించేది. దీనిని 1932లో మైల్స్ హార్టన్, డాన్ వెస్ట్ స్థాపించారు. హార్టన్ న్యూయార్కులోని యూనియన్ థియలాజికల్ సెమినరీలో రైన్‌హోల్డ్ నీబర్ దగ్గర చదివాడు. పాఠశాల కోసం విరాళాలు కోరుతూ ఉత్తరం రాసింది నీబరే. డెన్మార్కులోని జానపద ఉన్నత పాఠశాలలను హార్టన్ స్వయంగా చూసి వచ్చాడు. వాటికి స్ఫూర్తినిచ్చిన గ్రుంట్‌విగ్ (1783-1872) లూథరన్ దైవసేవకుడు, గొప్ప కీర్తనకారుడు. కలిసి పాడటం చదువులో భాగమన్న ఆలోచన అక్కడినుండి వచ్చింది.

హైలాండర్‌లో సంగీతం చూసుకున్నది హార్టన్ భార్య జిల్ఫియా (1910-1956). ఆమె పద్ధతి చాలా సరళమైనది. శిక్షణకు వచ్చిన ప్రతి బృందాన్నీ మీ ఊళ్లో ఏ పాట పాడతారు అని అడిగేది. వారు పాడినది రాసుకునేది. తరువాత అందరూ కలిసి ఆ పాటలోని మాటలను తమ అవసరానికి సరిపడేలా మార్చుకునేవారు. అలా మార్చిన పాటలను సైక్లోస్టైల్ కాగితాలమీద అచ్చు వేసి, వెళ్లేటప్పుడు చేతికి ఇచ్చి పంపేది. ఈ విధంగా ఆమె వెయ్యికి పైగా పాటలు సేకరించింది. చార్ల్‌స్టన్ స్త్రీల దగ్గర నేర్చుకున్న పాట ఆమెకు మిక్కిలి ఇష్టమైనది. 1947లో పీట్ సీగర్‌కు దానిని నేర్పింది. మరుసటి సంవత్సరం 'పీపుల్స్ సాంగ్స్' పత్రికలో అది అచ్చయింది. ఆ తరువాత 'విల్' అన్న మాట 'షల్' అయింది. ఆ మార్పు తానే చేసి ఉండవచ్చునని, లేదా హైలాండర్‌లో బోధించిన సెప్టిమా క్లార్క్ చేసి ఉండవచ్చునని సీగర్ చెప్పేవాడు. చేసినవారికే ఖచ్చితంగా గుర్తులేనంత సహజంగా ఆ మార్పు జరిగిందన్నమాట.

1957 సెప్టెంబరులో హైలాండర్ ఇరవై అయిదేళ్ల పండుగకు వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్ అక్కడ సీగర్ పాడగా ఈ పాట విన్నాడు. 1959 జూలై 31 రాత్రి పోలీసులు పాఠశాలమీద దాడి చేశారు. దీపాలు ఆర్పించి గదులు సోదా చేస్తున్న సమయంలో మాంట్‌గోమరీనుండి వచ్చిన జమీలా జోన్స్ అనే పద్నాలుగేళ్ల బాలిక, తాము భయపడటం లేదన్న మాటను చరణంగా చేసి ఎత్తుకుంది. చీకట్లో మిగిలినవారు కలిపారు. ఆ చరణం నేటికీ పాటలో నిలిచి ఉంది.

1960 ఏప్రిల్ మొదటి వారంలో నాష్‌విల్ విద్యార్థులు హైలాండర్‌కు వచ్చారు. హోటళ్లలో తెల్లవారికే కేటాయించిన బల్లల దగ్గర కూర్చొని అహింసాయుతంగా నిరసన తెలిపి జైళ్లకు వెళ్లి వచ్చినవారు వీరు. వీరికి అహింసా పద్ధతిలో శిక్షణ ఇచ్చిన జేమ్స్ లాసన్ అంతకుముందు 1953నుండి 1956వరకు మన దేశంలోనే, నాగపూరులోని హిస్లాప్ కళాశాలలో మెథడిస్టు మిషనరీగా పనిచేసి గాంధీజీ మార్గాన్ని అధ్యయనం చేసినవాడు. అప్పటికి హైలాండర్ సంగీత బాధ్యతను గై కారవాన్ చూస్తున్నాడు. ఆయన వారికి ఈ పాట నేర్పాడు. ఆ నెలలోనే రాలీ నగరంలో విద్యార్థుల అహింసా సమన్వయ సంఘం పుట్టిన సమావేశంలో కారవాన్ పాట ఎత్తుకోగా విద్యార్థులు లేచి చేతులు కలిపి పాడారు. ఆ సంవత్సరం ఆగస్టులో కేవలం పాటల కోసమే హైలాండర్‌లో ఒక శిక్షణ కూటం జరిగింది. వివిధ పట్టణాలవారు తమ పాటలను తెచ్చి ఒకరికొకరు నేర్పుకున్నారు.

5. పల్లవి పాతది, మాట కొత్తది

సమష్టిగా పాట కట్టటమంటే అందరూ కూర్చొని తెల్లకాగితం మీద మొదలుపెట్టటం కాదు. పాత పాట ఎముకల గూడులా నిలిచి ఉంటుంది. ఒక్క మాటో, ఒక్క పేరో మారుస్తారు. సౌత్ కరోలినా తీరంలోని జాన్స్ ఐలండ్‌లో ఆలిస్ వైన్ అనే స్త్రీ, నాగటిమీద చెయ్యి తీయవద్దని చెప్పే పాత భక్తిగీతంలో నాగలికి బదులు గురిమీద దృష్టి అన్న మాట పెట్టింది. ఉద్యమానికి అది మరొక గొప్ప పాట అయింది. నల్లవారికి ఓటు హక్కు రావాలంటే చదువు పరీక్ష నెగ్గాలన్న నిబంధన ఉన్న రోజులవి. అందుకోసం 1957లో ఆ దీవిలో మొదలైన పౌర పాఠశాలలో చదువుకున్నవారిలో ఆమె ఒకరు.

జార్జియా రాష్ట్రంలోని ఆల్బనీ పట్టణంలో 1961-62 సంవత్సరాలలో ఈ పద్ధతి పరిపూర్ణతకు వచ్చింది. మౌంట్ జియోన్, షిలో బాప్టిస్టు మందిరాలలో రాత్రి కూటాలు జరిగేవి. వందలమంది జైలుకు వెళ్లారు. ఎవరు అడ్డం వచ్చినా వెనుదిరగమని చెప్పే పాత పాటలో ఆ ఊరి పోలీసు అధికారి పేరు, నగర పెద్దల పేర్లు చేర్చి పాడేవారు. ఈ కూటాలలో పాట నడిపించినవారిలో బెర్నీస్ జాన్సన్ (తరువాత బెర్నీస్ జాన్సన్ రేగన్) ఒక బాప్టిస్టు కాపరి కుమార్తె. రూథా హారిస్ కూడ అలాంటి కుటుంబంలోనే పెరిగింది. వీరిద్దరితో కార్డెల్ రేగన్, చార్ల్స్ నెబ్లెట్ కలిసి 1962లో ఫ్రీడమ్ సింగర్స్ బృందంగా ఏర్పడ్డారు. ఉద్యమానికి విరాళాలు సేకరించటం, పత్రికలు రాయని వార్తలను పాటల ద్వారా దేశానికి చెప్పటం వారి పని. ఒక కారులో వేలమైళ్లు తిరిగారు.

6. న్యూపోర్ట్: ఉత్సవానికి జరిగిన ఏర్పాట్లు

ఇప్పుడు ఉత్సవం వైపు చూద్దాం. న్యూపోర్ట్‌లో జాజ్ ఉత్సవం నడిపిన జార్జ్ వైన్ 1959లో మొదటి జానపద ఉత్సవం ఏర్పాటు చేశాడు. 1960లో జాజ్ ఉత్సవం సమయంలో జరిగిన అల్లర్ల కారణంగా తరువాత రెండేళ్లు జానపద ఉత్సవం జరగలేదు. 1963లో తిరిగి మొదలుపెట్టేటప్పుడు వైన్, పీట్ సీగర్, ఆయన భార్య తోషీ, బికెల్ కలిసి దానిని వ్యాపారంగా కాక లాభాపేక్ష లేని సంస్థగా నడపాలని నిర్ణయించారు. ఏడుగురు కళాకారులే నిర్వాహక సభ్యులు. కెంటకీ కొండప్రాంతపు పాటల సంప్రదాయంలో పుట్టిన జీన్ రిచీ కూడ వారిలో ఒకరు.

వారు చేసుకున్న ఏర్పాటులో ముఖ్యమైనది పారితోషికం. పేరుమోసినవారికీ, ఎవరికీ తెలియనివారికీ ఒకటే మొత్తం: 50 డాలర్లు. దానికి తోడు రాకపోకల ఖర్చు, బస, భోజనం. పెద్ద గాయకులు వస్తే జనం వస్తారు, టిక్కెట్లు అమ్ముడవుతాయి. ఆ డబ్బుతో పల్లెలలోని పాతతరం గాయకులను పిలిపించవచ్చు. మిగిలిన సొమ్ము జానపద సంగీత సేకరణకు, స్థానిక కార్యక్రమాలకు సహాయంగా ఇవ్వవచ్చు. 1928లో రికార్డులు ఇచ్చి తరువాత మరుగున పడిపోయిన మిసిసిపీ జాన్ హర్ట్ ఆ ఏడాది వెలుగులోకి వచ్చి న్యూపోర్ట్ వేదిక ఎక్కాడు. గని కార్మికుడైన డాక్ బాగ్స్ కూడ వచ్చాడు. ఆయన భక్తురాలైన తన భార్య ఆ సంగీతాన్ని ఒప్పుకోనందువల్ల ఎన్నో ఏళ్లు బాంజో ముట్టకుండా ఉన్నాడు. ఫ్రీబాడీ పార్కులో రాత్రి కచేరీలు, పగలు చిన్నచిన్న శిక్షణ కూటాలు జరిగాయి. మూడు రోజులలో 40,000కు పైగా ప్రజలు వచ్చారు.

న్యూపోర్ట్ అన్న చోటు కూడ ఆలోచించదగినది. పద్దెనిమిదో శతాబ్దంలో ఉత్తర అమెరికా బానిస వ్యాపారానికి అది ప్రధాన రేవు. అక్కడి ఫస్ట్ కాంగ్రెగేషనల్ సంఘపు కాపరి శామ్యూల్ హాప్‌కిన్స్, బానిస వ్యాపారం వల్ల లాభం పొందే ప్రజల మధ్య ఉండి, ఆ వ్యాపారానికి విరోధంగా ప్రసంగించాడు, 1776లో పుస్తకం రాశాడు. దాదాపు రెండు శతాబ్దాల తరువాత బానిసల సంతానం అదే ఊళ్లో వేదిక మీద నిలబడి, బానిసకాలపు వరసలో పాడారు. విన్నవారిలో అత్యధికులు తెల్లజాతి విద్యార్థులు. ఒక నెల గడిచాక, 1963 ఆగస్టు 28న వాషింగ్టన్ మహాప్రదర్శనలో లక్షలమంది ఎదుట జోన్ బాయెజ్ ఈ పాట నడిపించింది. 1965 మార్చి 15న అధ్యక్షుడు జాన్సన్ ఓటు హక్కు బిల్లును గూర్చి ప్రసంగిస్తూ పాట పేరును పార్లమెంటు సభలో పలికాడు.

7. అట్లాంటా సెమినరీలో జరిగిన వాదన

న్యూపోర్ట్ తరువాతి సంవత్సరం, 1964 మేలో అట్లాంటాలోని గామన్ థియలాజికల్ సెమినరీలో 'సింగ్ ఫర్ ఫ్రీడమ్' శిక్షణ కూటం జరిగింది. దక్షిణాది ఉద్యమ గాయకులు, జార్జియా తీర దీవుల పాతతరం గాయకులు, ఉత్తరాదినుండి ఫిల్ ఓక్స్, టామ్ పాక్స్‌టన్, లెన్ చాండ్లర్ వంటి కొత్త రచయితలు కలిశారు. అక్కడ తీవ్రమైన వాదన వచ్చింది. దీవులనుండి వచ్చిన బెస్సీ జోన్స్ బృందం బానిసకాలపు పాటలు పాడినప్పుడు కొందరు యువకులు ఇబ్బందిపడ్డారు. ఆ పాటలు అవమానపు దినాలను గుర్తుచేస్తాయి, మనకు అవి ఎందుకని అడిగారు. బానిసత్వం తమకు ఇష్టం లేదని మన పితరులు చెప్పుకోవటానికి పాట తప్ప మరొక చోటు లేదని బెస్సీ జోన్స్ వారికి వివరించింది. తెల్లవారి పుస్తకాలు చెప్పని చరిత్ర ఆ పాటలలో ఉందని అక్కడి పెద్దలు వాదించారు.

ఈ వాదన మనకు కొత్తది కాదు. డప్పు మన పితరుల వాద్యం. కాని చాలాకాలం అది మందిరం గుమ్మం దాటి లోపలికి రాలేదు. అంటరానితనపు గుర్తు అని కొందరు, అన్యాచారం అని కొందరు దూరం పెట్టారు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు దారుణాల తరువాత ఎదిగిన దళిత ఉద్యమం ఆ డప్పును ఆత్మగౌరవ చిహ్నంగా చేతికి తీసుకున్నప్పుడు, మందిరంలో కూడ ఆ ప్రశ్న లేచింది. అవమానానికి గుర్తయిన వస్తువే విమోచనకు సాక్ష్యం కాగలదా? సిలువను ధ్యానించే ప్రజలు ఈ ప్రశ్నకు తడుముకోవలసిన పని లేదు.

8. 'నేను', 'మనం': కీర్తనల గ్రంథపు వెలుగులో

టిండ్లీ 'నేను' అన్నాడు, సమ్మె చేసిన స్త్రీలు 'మనం' అన్నారు. వ్యక్తి భక్తినుండి సమాజ స్పృహకు ఎదుగుదలగా దీనిని చాలామంది వర్ణించారు. అయితే బెర్నీస్ రేగన్ (1942-2024) దీనిని మరొక విధంగా చూసింది. నల్లజాతి సంఘంలో 'నేను' అనటమే సమష్టి మాట అని ఆమె అనేది. ప్రతివాడు 'నేను ఉంటాను' అని బాధ్యత తీసుకుంటేనే అందరూ ఉన్నట్టు. 'మనం' అన్నచోట ఎవరు వస్తారో, ఎవరు తప్పుకుంటారో తెలియదు. పైగా పాటలో 'మనం' స్థిరపడటంలో తెల్లవారి అభ్యుదయ వర్గాల ప్రభావం ఉందని కూడ ఆమె గుర్తించింది.

పాతనిబంధన పండితులు ఎంతోకాలంగా చర్చించిన విషయమే ఇది. కీర్తనలలో 'నేను' అంటే ఒక వ్యక్తా, ఇశ్రాయేలు సమాజమా? 1888లో రుడాల్ఫ్ స్మెండ్ అది సమాజపు స్వరమని వాదించాడు. హెర్మన్ గుంకెల్ వ్యక్తి విలాపాలను, సమాజ విలాపాలను వేరుచేసి చూపించాడు. 129వ కీర్తన తీసుకుందాం. బాల్యంనుండి తనను బాధించినవారిని గూర్చి ఒకడు చెబుతున్నట్టు మొదలవుతుంది. వెంటనే ఇశ్రాయేలు ఆ మాట అనవలెనని పిలుపు వస్తుంది. ఒకరు ఎత్తుకోగా సమాజం అందుకున్న పాట అది. 124వ కీర్తనలోనూ ఇదే పద్ధతి ఉంది.

ఈ రెండూ యాత్రకీర్తనలే. పండుగలకు యెరూషలేముకు ఎక్కిపోయే ప్రజలతో ఈ పాటలకు సంబంధం ఉందని ఎక్కువమంది పండితులు భావిస్తారు. 120నుండి 134వరకు పదిహేను యాత్రకీర్తనలు ఉన్నాయి. నాలుగింటికి దావీదు పేరు, ఒకదానికి సొలొమోను పేరు ఉంది. మిగిలిన పదింటికి ఏ పేరూ లేదు. ప్రయాణమే వాటికి పాఠశాల అయి ఉండవచ్చు. లేఖనాలను కూర్చినవారు పేరు లేని ఆ పాటలను తక్కువ చేయలేదు, రాజుల పేరున్న పాటల పక్కనే వాటినీ ఉంచారు.

9. హక్కు పత్రంలో లేని పేరు

1960లోను, 1963లోను ఈ పాటకు కాపీరైటు నమోదు అయింది. హక్కుదారులుగా నాలుగు పేర్లు: జిల్ఫియా హార్టన్, ఫ్రాంక్ హామిల్టన్, గై కారవాన్, పీట్ సీగర్. నలుగురూ తెల్లవారు. వ్యాపార సంస్థలు పాటను దుర్వినియోగం చేయకుండా కాపాడటానికే అలా చేశామని వారు చెప్పారు. వచ్చిన రాయల్టీ వారు తీసుకోలేదు. హైలాండర్ ఆధ్వర్యంలో ఒక నిధి ఏర్పాటు చేసి, దక్షిణాది నల్లజాతి ప్రజల కళా, సామాజిక కార్యక్రమాలకు సహాయం చేశారు. వారి నిజాయితీని శంకించవలసిన పని లేదు. అయినా లూసీల్ సిమన్స్ పేరు ఆ పత్రంలో లేదు. చార్ల్‌స్టన్ స్త్రీల పేర్లు లేవు. మంచి మనసుతో చేసిన పనిలో కూడ పేరు లేనివారు పేరు లేకుండానే మిగిలిపోయారు.

2016లో ఈ కాపీరైటును న్యూయార్కు న్యాయస్థానంలో సవాలు చేశారు. 2017 సెప్టెంబరులో న్యాయమూర్తి డెనీస్ కోట్, పాటలో ప్రసిద్ధమైన మొదటి చరణానికి కాపీరైటు రక్షణ వర్తించదని తీర్పు ఇచ్చారు. 1948 ముద్రణకు, తరువాతి రూపానికి ఉన్న తేడాలు స్వతంత్ర రచన అనదగినంతవి కావని అందులోని సారాంశం. 2018 జనవరిలో జరిగిన రాజీతో పాట ప్రజలందరి సొత్తయింది. చట్టం 'ఎవరిదీ కాదు' అన్న జవాబుతో ఆగుతుంది. సంఘం మాత్రం అక్కడ ఆగకూడదు. ఎవరెవరి చేతులు పడి ఈ పాట మనదాకా వచ్చిందో జ్ఞాపకం చేసుకోవటం కృతజ్ఞతలో భాగం. రోమీయులకు రాసిన పత్రిక 16వ అధ్యాయంలో పౌలు అంత పొడవైన పేర్ల జాబితా ఎందుకు ఇచ్చాడో ఆలోచిస్తే ఇది మనకు బోధపడుతుంది. ఫీబే, మరియ, త్రుఫైనా, త్రుఫోసా, పెర్సిసు: ప్రయాసపడిన స్త్రీలను పేరుపేరున చెప్పాడు.

10. తెలుగు సంఘాల ఎదుట ఉన్న పని

గిరిజాకుమార్ మాథుర్ హిందీ అనువాదం 'హమ్ హోంగే కామ్‌యాబ్' ద్వారా ఈ పాట మన బడి పిల్లల నోటికి కూడ వచ్చింది. ఒక సంఘ కాపరి రాసిన మాటకు, కార్మికురాళ్ల గొంతుకు దానితో సంబంధం ఉందని మన పిల్లలలో ఎంతమందికి తెలుసు?

మన సొంత వారసత్వానికి వస్తే, పురుషోత్తమ చౌధరి (1803-1890) వంటి మహాకవులు శాస్త్రీయ రాగాలలో కూర్చిన కీర్తనలు మనకు గొప్ప ధనం. అవి పుస్తకంలో భద్రంగా ఉన్నాయి. కాని మాల మాదిగ పల్లెలలో మన తల్లులు కోలాటంలో, చెక్కభజనలో, నాట్లు వేస్తూ, దంపుడు దంచుతూ కట్టుకున్న క్రీస్తు పాటలు ఏ పుస్తకంలో ఉన్నాయి? క్రిస్మస్ రాత్రి ఇంటింటికి తిరిగి పాడే పాటలో ఆ ఊరి కరువు, ఆ ఊరి చెరువు, ఆ ఊరి పెద్దల పేర్లు చేరుతూ ఉంటాయి. చార్ల్‌స్టన్‌లో, ఆల్బనీలో జరిగింది ఇదే. మనం దానిని చరిత్రగా గుర్తించలేదు. ఆ పాటలు తెలిసిన వృద్ధురాలు ప్రభువునందు నిద్రించిన ప్రతిసారి ఒక పాటల పుస్తకం సమాధిలోకి వెళుతున్నది.

ఈ అధ్యయనం వెలుగులో మూడు సూచనలు చేయవచ్చు. మొదటిది, క్రిస్మస్ పండుగకో, కోత పండుగకో సంఘం సిద్ధపడేటప్పుడు, యువకులకు కొత్త పాట నేర్పటానికి ముందు, జిల్ఫియా హార్టన్ అడిగిన ప్రశ్ననే అడగాలి: మీ అవ్వ ఏ పాట పాడేది? రెండవది, పాట రాసుకునేటప్పుడు ఎవరు పాడారు, ఏ ఊరు, ఎవరివద్ద నేర్చుకున్నారు, ఏ చరణం ఎవరు కలిపారు అన్నది కూడ రాయాలి. మూడవది, బాగా పాడే పట్టణపు గాయకుడికి ఇచ్చే గౌరవమే పల్లెనుండి వచ్చిన గాయనికీ ఇవ్వాలి. న్యూపోర్ట్ నిర్వాహకులు 50 డాలర్ల నియమంతో చేసి చూపించింది ఇదే.

మన సెమినరీలలో బి.డి. విద్యార్థులు సెలవులలో గ్రామ సంఘాలకు వెళుతుంటారు. ప్రతి విద్యార్థి ఒక పల్లెలో అయిదు పాటలు, పాడినవారి పేర్లతో సహా రాసుకొని వచ్చినా కొద్ది ఏళ్లలోనే గొప్ప భాండాగారం తయారవుతుంది. దానికి పెద్ద నిధులు అక్కరలేదు. ఒక నోటుపుస్తకం, వినే చెవి చాలు. పాడగలిగిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. ఈ పని ఈ సెలవులలోనే మొదలు కావాలి.